దూరపు కంప్యూటరు మొరాయిస్తే: వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మధ్య రిమోట్ డెస్క్‌టాప్ చిక్కులు, వాటిని విప్పే పద్ధతి



శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సాంఘిక సంక్షేమ వసతి గృహాలలో ట్రంకు పెట్టె పక్కన కూర్చుని చదువుకున్న వాళ్లలో కొందరం ఈనాడు విశాఖపట్నం, హైదరాబాదు, బెంగళూరు నగరాలలోనూ, విదేశాలలోనూ కంప్యూటరు రంగంలో పనిచేస్తున్నాం. మేము ఎక్కడ ఉన్నా హాస్టలు నుంచి ఫోను వస్తూనే ఉంటుంది. "అన్నా, స్కాలర్‌షిప్ దరఖాస్తుకు రేపే ఆఖరి రోజు, కంప్యూటరులో పేజీ తెరుచుకోవడం లేదు" అని ఒక తమ్ముడు. "అక్కా, ప్రాజెక్టు రిపోర్టులో తెలుగు అక్షరాలన్నీ డబ్బాలైపోయాయి" అని ఒక చెల్లెలు. మేము బస్సెక్కి వచ్చేలోపు ఆ గడువు దాటిపోతుంది. అటువంటప్పుడు అక్కరకు వచ్చేది రిమోట్ డెస్క్‌టాప్.

అయితే హాస్టలు కంప్యూటరులో ఒక ఆపరేటింగ్ సిస్టమ్, మా దగ్గర మరొకటి ఉంటాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11ను మోయలేని పాత కంప్యూటర్లను పారేయకుండా చాలాచోట్ల లైనక్స్ ఎక్కిస్తున్నారు. కనుక విండోస్, లైనక్స్, మ్యాక్ ఒకదానితో ఒకటి మాట్లాడవలసిన అవసరం పెరిగింది. ఆ మాటల మధ్య వచ్చే వింత చిక్కులను ఏ వరుసలో వెతికి, ఎలా సరిచేయాలో ఈ పాఠంలో నేర్చుకుందాం.

1. రిమోట్ డెస్క్‌టాప్ అంటే ఏమిటి?

మన ఎదుట ఉన్న కంప్యూటరును 'ఇవతలి' కంప్యూటరు అనీ, దూరాన ఉన్నదాన్ని 'అవతలి' కంప్యూటరు అనీ అనుకుందాం. ప్రోగ్రాములన్నీ అవతలే నడుస్తాయి. మన కీబోర్డు, మౌసు కదలికలు ఇక్కడి నుంచి అక్కడికి వెళతాయి. అక్కడి తెర బొమ్మ మన దగ్గరకు వస్తుంది. అంతే తప్ప ఫైలుగానీ ఫాంటుగానీ తమంతట తాము మన దగ్గరకు రావు. ఈ ఒక్క మాట మనసులో నాటుకుంటే సగం చిక్కులు వాటంతటవే విడిపోతాయి.

తెరను పంపడానికి రెండు ముఖ్యమైన పద్ధతులు ఉన్నాయి. వీటిని ప్రోటోకాల్స్ అంటారు. సంక్రాంతి ముగ్గుతో పోల్చి చూద్దాం. ఊళ్లో అమ్మ వేసిన ముగ్గును ఫోటో తీసి పంపడం ఒక పద్ధతి. "పదకొండు చుక్కలు పెట్టు, ఈ చుక్కను ఆ చుక్కతో కలుపు" అని ఫోనులో చెప్పి, ఇక్కడ మన చేత వేయించడం రెండో పద్ధతి.

ఫోటో పద్ధతికి ఉదాహరణ వి.ఎన్.సి. ఇది ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఆలివెట్టి పరిశోధనశాలలో పుట్టింది. తెర మీద మారిన భాగాన్ని చుక్కల బొమ్మగా పంపుతుంది. అందుకే ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీదైనా సులువుగా ఒదుగుతుంది. రెండో పద్ధతితో మొదలైనది మైక్రోసాఫ్ట్ వారి ఆర్.డి.పి. ఇది 1998లో విండోస్ ఎన్.టి. 4.0 టెర్మినల్ సర్వర్‌తో వచ్చి, 2001లో విండోస్ ఎక్స్.పి. ప్రొఫెషనల్ ద్వారా మామూలు కంప్యూటర్లకు చేరింది. మొదట్లో "ఇక్కడ గీత గీయి, అక్కడ అక్షరం పెట్టు" అనే ఆదేశాలే ఎక్కువగా పంపేది. ఇప్పుడు వీడియోలాగా కుదించిన బొమ్మలను కూడా పంపుతోంది.

లైనక్స్‌ను ఆర్.డి.పి. ద్వారా అందించడానికి ఎక్స్‌ఆర్‌డీపీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. లైనక్స్ నుంచి విండోస్‌ను చూడడానికి రెమ్మినా, ఫ్రీఆర్‌డీపీ ఉన్నాయి. మ్యాక్‌లో ఉండే స్క్రీన్ షేరింగ్ వి.ఎన్.సి. కుటుంబానికి చెందినది. మ్యాక్ నుంచి విండోస్‌ను చూడడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే ప్రోగ్రాము పేరు 2024లో విండోస్ యాప్‌గా మారింది.

2. వైద్యానికి ముందు నాలుగు ప్రశ్నలు

జ్వరం అనగానే మాత్ర వేయడం మంచి వైద్యం కాదు. అలాగే రిమోట్ డెస్క్‌టాప్ పనిచేయడం లేదనగానే సాఫ్ట్‌వేరు తీసేసి మళ్లీ ఎక్కించడం మంచి పద్ధతి కాదు. మేము ముందుగా ఈ నాలుగు ప్రశ్నలు ఇదే వరుసలో వేసుకుంటాం.

దారి ఉందా? అనగా మన మాట అవతలి కంప్యూటరుకు చేరుతున్నదా?
అనుమతి ఉందా? చేరిన తర్వాత అది మనల్ని లోపలికి రానిస్తున్నదా?
బొమ్మ వస్తున్నదా? లోపలికి వెళ్లాక తెర సరిగ్గా కనిపిస్తున్నదా?
కీలు సరిగ్గా వెళుతున్నాయా? మనం నొక్కినదే అక్కడ పడుతున్నదా?

దారే లేనప్పుడు పాస్‌వర్డు మార్చి ప్రయోజనం లేదు. తెర మీద బొమ్మ కదులుతూ ఉంటే దారి గురించి బెంగపడనవసరం లేదు. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. చేసిన మార్పును, దాని ఫలితాన్ని నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఫలితం లేకపోతే ఆ మార్పును తిరిగి యథాస్థితికి తేవాలి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే, సమస్య పోయినా ఏ మార్పుతో పోయిందో తెలియదు.

3. దారి చిక్కులు

ఎ) కంప్యూటరు నిద్రపోవడం. కొంతసేపు ఎవరూ ముట్టుకోకపోతే కంప్యూటరు స్లీప్‌లోకి వెళుతుంది. అప్పుడది మన పిలుపు వినదు. పవర్ సెట్టింగులలో స్లీప్‌ను ఆపాలి. కరెంటు పోయి వచ్చాక కంప్యూటరు తనంతట తానే లేవాలంటే, బయాస్‌లో కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఆన్ కావలసిందిగా చెప్పే అమరిక ఉందేమో చూడాలి. తుఫానుల కాలంలో కోస్తా మండలాలవారికి ఇది ముఖ్యం. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ ఉద్దానంలో చెట్లతోపాటు కరెంటు స్తంభాలను కూడా కూల్చింది. కరెంటే లేనిచోట ఈ పాఠంలోని ఏ ఉపాయమూ పనిచేయదు. అందుకని ఆఖరి రోజు దాకా ఆగకుండా దరఖాస్తులు ముందుగానే పంపుకోవడం అన్నిటికన్నా మంచి ఉపాయం.

బి) విండోస్ హోమ్ రకం. విండోస్ 10, 11 హోమ్ ఎడిషన్లలో ఆర్.డి.పి. ద్వారా ఇతరులను లోపలికి రానిచ్చే సదుపాయం లేదు. వాటి నుంచి ఇతర కంప్యూటర్లను చూడవచ్చు గానీ, వాటిని ఇతరులు చూడలేరు. ఇది రోగం కాదు, దాని స్వభావం. ప్రొఫెషనల్ ఎడిషన్ కావాలి, లేదా వి.ఎన్.సి. వంటి వేరే పద్ధతి వాడుకోవాలి.

సి) చిరునామా. 192.168 తో మొదలయ్యే చిరునామా హాస్టలు లోపల మాత్రమే చెల్లుతుంది. "మూడో గది" అంటే హాస్టలులో అందరికీ తెలుస్తుంది, కానీ పోస్టుమానుకు ఆ ఒక్క ముక్కతో ఇల్లు దొరకదు కదా. మొబైల్ డేటా మీద నడిచే కంప్యూటర్లకైతే చాలామందికి కలిపి ఒకే బయటి చిరునామా ఉండవచ్చు. అప్పుడు బయటి నుంచి నేరుగా రావడం కుదరదు. వైర్‌గార్డ్ వంటి వి.పి.ఎన్. ద్వారా రెండు కంప్యూటర్లను ఒకే నెట్‌వర్కులోకి తేవాలి. ఆర్.డి.పి. వాడే 3389 పోర్టును రౌటరులో తెరిచి ఇంటర్నెట్టుకు వదిలేయకండి. కారణం జాగ్రత్తల భాగంలో చెబుతాం.

డి) పింగ్‌కు జవాబు రాకపోవడం. పింగ్‌కు జవాబు రాలేదంటే దారి లేదని వెంటనే తీర్మానించకూడదు. విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌ను అడ్డుకుని, రిమోట్ డెస్క్‌టాప్‌ను మాత్రం రానిస్తూ ఉండవచ్చు. కావలసిన పోర్టుకే పరీక్ష పెట్టాలి. ఆర్.డి.పి.కి 3389, వి.ఎన్.సి.కి మామూలుగా 5900.

ఇ) ఇరుకు దారి. ఇది అన్నిటికన్నా వింతైనది. లాగిన్ దాకా అంతా బాగుంటుంది. పాస్‌వర్డు ఇచ్చాక తెర నల్లగా ఉండిపోయి, కొంతసేపటికి తెగిపోతుంది. ఎందుకంటే లాగిన్ దశలో వెళ్లేవి ఎక్కువగా చిన్న ప్యాకెట్లు. తెర బొమ్మ మొదలయ్యాక పెద్ద ప్యాకెట్లు వస్తాయి. పొలం గట్టు మీద సైకిలు వెళుతుంది గానీ ఎడ్లబండి వెళ్లదు. ఈథర్‌నెట్‌లో ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం 1500 బైట్లు. పి.పి.పి.ఓ.ఇ. బ్రాడ్‌బ్యాండ్‌లో అది 1492. వి.పి.ఎన్. లోపల ఇంకా తక్కువ.

పరీక్ష సులువే. ప్యాకెట్‌ను ముక్కలు చేయవద్దని ఆజ్ఞ ఇచ్చి పింగ్ చేయాలి. పింగ్‌లో మనం ఇచ్చే సంఖ్యకు 28 బైట్ల తలకట్టు కలుస్తుంది కనుక 1472 ఇస్తే మొత్తం 1500 అవుతుంది. 1400కు జవాబు వచ్చి 1472కు రాకపోతే దారి ఇరుకుగా ఉన్నట్టు. అప్పుడు వి.పి.ఎన్. సెట్టింగులలో ఎం.టి.యు. అనే సంఖ్యను తగ్గించాలి. వైర్‌గార్డ్‌లో మామూలుగా 1420 ఉంటుంది. దానిని 1380కి, అప్పటికీ కాకపోతే 1280కి తగ్గించి చూడాలి.

4. అనుమతి చిక్కులు

ఎ) పిన్ వేరు, పాస్‌వర్డు వేరు. విండోస్‌లో రోజూ నాలుగంకెల పిన్ కొట్టి లోపలికి వెళ్లేవారు, అదే పిన్ రిమోట్ డెస్క్‌టాప్‌లో కొట్టి "తప్పు" అనిపించుకుంటారు. పిన్ ఆ ఒక్క కంప్యూటరుకే పరిమితమైనది. దూరం నుంచి వచ్చేవారు ఖాతా పాస్‌వర్డు ఇవ్వాలి.

బి) పాస్‌వర్డే లేని ఖాతా. అందరూ వాడుకునే కంప్యూటరు గదా అని పాస్‌వర్డు లేకుండా ఉంచుతారు. అటువంటి ఖాతాతో కంప్యూటరు ఎదుట కూర్చున్నవారు మాత్రమే లోపలికి వెళ్లగలరు. విండోస్ దూరం వారిని రానివ్వదు. ఇది మన మేలుకే. పాస్‌వర్డు పెట్టుకోవాలి.

సి) తెలుగులో పడిన పాస్‌వర్డు. కీబోర్డు తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో ఉండగా పాస్‌వర్డు కొడితే తెర మీద చుక్కలే కనిపిస్తాయి. 'కే' కొట్టిన చోట 'క' పడిందని తెలియదు. మూడుసార్లు కొట్టేసరికి ఖాతాకు తాళం పడవచ్చు. పాస్‌వర్డు కొట్టే ముందు భాష గుర్తును చూసుకోండి. లైనక్స్‌లో యూజరు పేరులో కూడా పెద్ద అక్షరాలకూ చిన్న అక్షరాలకూ తేడా ఉంటుంది. విండోస్‌లో ఉండదు.

డి) గడియారం తేడా. పాత కంప్యూటరు మదర్‌బోర్డు మీద నాణెమంత బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. భద్రతా సర్టిఫికెట్లు తేదీ మీదే ఆధారపడతాయి. ఇంకా మొదలుకాని సర్టిఫికెట్‌ను కంప్యూటరు నమ్మదు. మనం పాస్‌వర్డు గురించి కొట్టుకుంటూ ఉంటాం, అసలు లోపం బ్యాటరీది. హాస్టలులో ఉన్న తమ్ముడిని ముందుగా "తెర మూలలో తేదీ ఎంత చూపిస్తోంది?" అని అడగండి.

ఇ) అప్‌డేట్ల తేడా. 2018 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఒక భద్రతా లోపానికి మందు విడుదల చేసింది. అదే సంవత్సరం మే నెల అప్‌డేట్‌తో నియమాన్ని కఠినం చేసింది. దాంతో అప్‌డేట్ అయిన కంప్యూటర్లు, అప్‌డేట్ కానివాటితో మాట్లాడడం మానేశాయి. ఏళ్లుగా అప్‌డేట్ చేయని యంత్రాలతో ఈ ఇబ్బంది ఇప్పటికీ ఎదురవుతుంది. ఇవతలి వైపు భద్రతను తగ్గించి లోపలికి వెళ్లే అడ్డదారి ఉంది గానీ, సరైన మార్గం అవతలి కంప్యూటరును అప్‌డేట్ చేయించడమే.

5. బొమ్మ చిక్కులు

ఎ) నల్ల తెర. ఇరుకు దారి వల్ల వచ్చే నల్ల తెర ఒకటి చూశాం. రెండోది లైనక్స్‌లో వస్తుంది. ఒకే యూజరు కంప్యూటరు ఎదుట లాగిన్ అయి ఉండగా, అదే పేరుతో మనం ఎక్స్‌ఆర్‌డీపీ ద్వారా వెళితే రెండు సెషన్లు తగువుపడి తెర నల్లగా మిగలవచ్చు. ఎదుట ఉన్నవారిని లాగౌట్ చేయమనాలి, లేదా దూరం నుంచి వచ్చేవారికి ప్రత్యేకంగా ఒక ఖాతా ఇవ్వాలి. పాత యంత్రాలలో బరువైన డెస్క్‌టాప్‌కు బదులు ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలికైనది పెట్టుకుంటే ఈ బాధ తగ్గుతుంది.

ఈ రెండు నల్ల తెరలను వేరుచేయడం ఎలా? హాస్టలు లోపల ఉన్న మరో కంప్యూటరు నుంచి కనెక్టు చేయించండి. అక్కడి నుంచి బాగా వస్తే లోపం దారిలో ఉంది. అక్కడి నుంచి కూడా నల్లగానే ఉంటే లోపం సెషన్‌లో ఉంది. ఒక్క పరీక్షతో వెతకవలసిన చోటు సగం తగ్గిపోయింది.

బి) వేలాండ్. లైనక్స్‌లో తెరను నడిపే పాత పద్ధతి ఎక్స్, కొత్త పద్ధతి వేలాండ్. ఎక్స్ కోసం తయారైన పాత వి.ఎన్.సి. సర్వర్లకు వేలాండ్ తెర కనిపించదు. కనుక నల్ల తెర గానీ, ఒంటరి మౌసు బాణం గానీ కనిపిస్తుంది. ఉబుంటు 22.04 నుంచి సెట్టింగులలోనే ఆర్.డి.పి. ద్వారా తెరను పంచుకునే సదుపాయం ఉంది. దానినే వాడండి. 2025 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 25.10లో పాత ఎక్స్ డెస్క్‌టాప్ సెషన్‌ను తొలగించారు. అందుచేత "లాగిన్‌లో పాత పద్ధతి ఎంచుకో" అనే సలహా కొత్త వెర్షన్లకు పనికిరాదు.

సి) డబ్బాలైన తెలుగు. అవతలి లైనక్స్‌లో తెలుగు ఫాంటు లేకపోతే అక్షరాల స్థానంలో డబ్బాలు వస్తాయి. మన కంప్యూటరులో ఎన్ని ఫాంట్లు ఎక్కించినా ప్రయోజనం లేదు. బొమ్మ గీసేది అవతలి కంప్యూటరు కదా! లోహిత్ తెలుగు వంటి యూనికోడ్ ఫాంటును అక్కడే ఎక్కించాలి. విండోస్‌లో ఎక్స్.పి. కాలం నుంచి గౌతమి ఫాంటు ఉండేది, తర్వాత నిర్మల యూఐ వచ్చింది.

డి) తెర నత్తనడక. దీనికి ఒక లెక్క వేద్దాం. 1920 అడ్డం, 1080 నిలువు చుక్కల తెరలో ఒక్కో చుక్కకు 4 బైట్లు అనుకుంటే, 1920 × 1080 × 4 = 82,94,400 బైట్లు. సెకనుకు 2 మెగాబిట్ల లైనులో, అనగా సెకనుకు 2,50,000 బైట్ల చొప్పున, కుదించకుండా ఒక్క తెర రావడానికి 33 సెకన్లు పడుతుంది. తెరను 1024 × 768కి, రంగులను 2 బైట్లకు తగ్గిస్తే 15,72,864 బైట్లు, అంటే సుమారు 6 సెకన్లు. ప్రోటోకాల్ మారిన భాగాన్నే కుదించి పంపుతుంది కనుక నిజానికి ఇంకా త్వరగా వస్తుంది. కానీ నిష్పత్తి అదే. కాబట్టి నెమ్మది లైనులో తెర పరిమాణం, రంగులు తగ్గించండి. వాల్‌పేపరు తీసేయండి.

మరో రకం ఆలస్యం ఉంది. లైను ఎంత వెడల్పైనా దూరం దూరమే. ఫైబరులో కాంతి సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. అమెరికాలోని డల్లాస్ నుంచి మన ప్రాంతానికి సుమారు 14,000 కిలోమీటర్లు. వెళ్లడానికి 70, రావడానికి 70, మొత్తం 140 మిల్లీసెకన్లు. దారి తిన్నగా ఉండదు కాబట్టి వాస్తవంలో ఇంకా ఎక్కువ. అమెరికాలోని అన్నయ్య కొట్టిన అక్షరం కొంచెం ఆగి కనిపిస్తే అది కంప్యూటరు లోపం కాదు. మౌసు తగ్గించి కీబోర్డుతో నిదానంగా పని చేసుకోవడమే మార్గం.

6. కీబోర్డు చిక్కులు

ఆర్.డి.పి. ముఖ్యంగా కీ ఉన్న స్థానాన్ని పంపుతుంది. "రెండో వరుసలో ఎనిమిదో కీ నొక్కారు" అన్నట్టు. అది ఏ అక్షరమో అవతలి లేఅవుట్ నిర్ణయిస్తుంది. వి.ఎన్.సి. పాత పద్ధతిలో అక్షరాన్నే పంపుతుంది. "క నొక్కారు" అన్నట్టు. అందుకే ఒకే కీబోర్డు రెండింటిలో రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది.

దీన్ని బట్టి మేము పాటించే సూత్రం: ఆర్.డి.పి.లో తెలుగు టైపు చేయాలంటే ఇవతల ఇంగ్లీషు ఉంచి, అవతల మాత్రమే తెలుగు పెట్టాలి. అమ్మ అని ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగులోకి మార్చే ఫొనెటిక్ సాధనాలను కూడా అవతలే ఎక్కించాలి. పాత వి.ఎన్.సి. సర్వర్లకు తెలుగు అక్షరం పంపితే కొన్నిసార్లు ఏమీ పడదు. అప్పుడు కూడా ఇవతల ఇంగ్లీషు ఉంచి, అవతలి లైనక్స్‌లో ఐబస్ వంటి ఇన్‌పుట్ సాధనం ద్వారా తెలుగు కొట్టడం మేలు.

అతుక్కుపోయిన కీ మరో వింత. ఒక్కసారిగా ఏ అక్షరం కొట్టినా మెనూలు తెరుచుకుంటాయి. ఎవరో చేతబడి చేసినట్టు ఉంటుంది. కారణం చిన్నది. మనం ఆల్ట్, ట్యాబ్ నొక్కి వేరే విండోకు మారాం. ఆల్ట్ నొక్కిన సంగతి అవతలికి చేరింది, వదిలిన సంగతి చేరలేదు. ఇంకా పట్టుకునే ఉన్నారని అది అనుకుంటోంది. రిమోట్ విండోలోకి వచ్చి ఆల్ట్, కంట్రోల్, షిఫ్ట్, విండోస్ కీలను ఒక్కొక్కటిగా నొక్కి వదిలితే చాలు.

విండోస్‌లో కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కితే మన కంప్యూటరే అందుకుంటుంది. అవతలికి పంపాలంటే మైక్రోసాఫ్ట్ రిమోట్ డెస్క్‌టాప్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎండ్ నొక్కాలి.

7. కాపీ, పేస్ట్ చిక్కులు

ఎ) ప్రశ్నార్థకాలు. పాత వి.ఎన్.సి. క్లిప్‌బోర్డుకు పశ్చిమ యూరప్ అక్షరాలే తెలుసు. తెలుగు కాపీ చేస్తే అవతల ప్రశ్నార్థకాలు పడతాయి. టైగర్‌వీఎన్‌సీ 2019లో యూనికోడ్ క్లిప్‌బోర్డును తెచ్చింది. రెండు వైపులా కొత్త వెర్షన్ ఉంటేనే అది పనిచేస్తుంది.

బి) అను ఫాంట్ల తెలుగు. మన ప్రింటింగ్ ప్రెస్సులలో, డి.టి.పి. సెంటర్లలో అను ఫాంట్లతో కంపోజింగ్ చేయడం ఎంతోకాలంగా ఉన్నది. ఈ ఫాంట్లలో ఫైలు లోపల ఉండేవి ఇంగ్లీషు, ఇతర గుర్తుల సంకేతాలే. ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లో చూస్తే చక్కని తెలుగు కనిపిస్తుంది, ఎందుకంటే బొమ్మ అక్కడ తయారవుతోంది. దాన్నే కాపీ చేసి మన వైపు పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి, ఎందుకంటే ఇప్పుడు వచ్చింది బొమ్మ కాదు, లోపలి సంకేతాలు. దీనికి కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. యూనికోడ్‌లో తెలుగుకు సొంత స్థానాలు ఉన్నాయి కనుక ఏ కంప్యూటరుకు వెళ్లినా 'క' అన్నది 'క'గానే ఉంటుంది.

సి) అసలు పేస్ట్ కాకపోవడం. నిన్నటి దాకా పనిచేసి ఈరోజు ఆగితే, అవతలి విండోస్‌లో టాస్క్ మేనేజరు తెరిచి ఆర్‌డీపీక్లిప్ అనే ప్రక్రియను ముగించి, రన్ పెట్టెలో అదే పేరు కొట్టి మళ్లీ మొదలుపెట్టాలి.

8. తప్పనిసరి జాగ్రత్తలు

రిమోట్ డెస్క్‌టాప్ అంటే ఇంటి తాళంచెవి వేరొకరి చేతికి ఇవ్వడం. 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఎనీడెస్క్ వంటి యాప్‌ల పేరుతో జరుగుతున్న మోసాల గురించి బ్యాంకులను హెచ్చరించింది. మోసగాడు బ్యాంకు ఉద్యోగిలా మాట్లాడి యాప్ ఎక్కించమంటాడు, తెర మీది అంకెలు అడుగుతాడు, ఆ తర్వాత ఫోను అతనిది అయిపోతుంది. యాప్ మంచిదే, అడిగే మనిషే దొంగ. స్కాలర్‌షిప్ డబ్బు పడే ఖాతా మీది. కూలి డబ్బులు దాచుకున్న ఖాతా మీ అమ్మానాన్నలది. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ సంగతి వాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి. ఇది ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన హోంవర్కు.

2019 మే నెలలో బ్లూకీప్ అనే లోపం బయటపడింది. ఆర్.డి.పి. ఇంటర్నెట్టుకు తెరిచి ఉన్న పాత విండోస్‌లోకి పాస్‌వర్డు లేకుండానే చొరబడే అవకాశం అందులో ఉంది. మద్దతు ఆపేసిన ఎక్స్.పి.కి సైతం మైక్రోసాఫ్ట్ మందు విడుదల చేయవలసి వచ్చింది. 3389 పోర్టును బయటకు తెరవవద్దని పైన చెప్పడానికి కారణం ఇదే.

మరికొన్ని నియమాలు: వార్డెన్ గారి అనుమతితోనే హాస్టలు కంప్యూటరును దూరం నుంచి తాకాలి. దాని ఎదుట ఒక విద్యార్థి కూర్చుని ఉండాలి. ఓ.టి.పి. కొట్టేది ఆ విద్యార్థే. పని అయ్యాక విండో మూసేస్తే సరిపోదు. అలా చేస్తే సెషన్ లోపల నడుస్తూనే ఉంటుంది. లాగౌట్ చేయాలి. ఉద్యోగాలు చేస్తున్న మిత్రులు ఆఫీసు ల్యాప్‌టాప్‌ను దీనికి వాడే ముందు కంపెనీ నియమాలు చూసుకోవాలి.

ఇంకో విషయం. మామూలు విండోస్‌లో ఒకసారికి ఒక్కరే. మనం ఆర్.డి.పి. ద్వారా లోపలికి వెళ్లగానే ఎదుట ఉన్న తమ్ముడికి తాళం తెర వస్తుంది. "అన్నా, కంప్యూటరు పోయింది" అని కంగారుపడతాడు. ఇద్దరూ ఒకే తెర చూస్తూ నేర్చుకోవాలంటే విండోస్ క్విక్ అసిస్ట్ గానీ వి.ఎన్.సి. గానీ వాడాలి. పని చేసి పెట్టడం కన్నా చేసి చూపించడం మిన్న. రేపు మేము అందుబాటులో లేకపోయినా మీరే చేసుకోగలగాలి.

9. అభ్యాసం

ఈ ప్రశ్నలకు జవాబులు రాసి, కంప్యూటరు దగ్గర సరిచూసుకోండి.

1. తెర కనిపిస్తోంది, మౌసు కదులుతోంది, కానీ కొట్టిన అక్షరాలు తప్పుగా పడుతున్నాయి. నాలుగు ప్రశ్నలలో ఏవి వదిలేయవచ్చు?
2. పింగ్‌కు 1432 దాకా జవాబు వస్తోంది, 1433కు రావడం లేదు. ఆ దారిలో పట్టే పెద్ద ప్యాకెట్ ఎన్ని బైట్లు?
3. లైనక్స్‌లో తెలుగు డబ్బాలుగా కనిపిస్తోంది. ఫాంటు ఏ కంప్యూటరులో ఎక్కించాలి? ఎందుకు?
4. బ్యాంకు నుంచి అంటూ ఫోను చేసి యాప్ ఎక్కించమన్నారు. మీరేం చేస్తారు?

జవాబులు: 1. దారి, అనుమతి, బొమ్మ మూడూ వదిలేసి కీబోర్డు చూడాలి. 2. 1432కు 28 కలిపితే 1460. 3. అవతలి కంప్యూటరులో, బొమ్మ గీసేది అదే కనుక. 4. ఫోను పెట్టేసి, పాసుబుక్కు మీది నంబరుకో బ్రాంచికో మనమే వెళ్లి కనుక్కోవాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ విద్యకు ఖరీదైన కోర్సు అవసరం లేదు. హాస్టలులో రెండు పాత కంప్యూటర్లు, ఒక కేబుల్, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు. ఒకదానిలో విండోస్, మరొకదానిలో లైనక్స్ పెట్టి, ఒకదాని నుంచి మరొకదాన్ని నడిపి చూడండి. చిక్కు వస్తే నాలుగు ప్రశ్నలు వేసుకోండి. విప్పిన ప్రతి చిక్కునూ తేదీతో సహా పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం మీ తర్వాత వచ్చే బ్యాచికి మిగలాలి. అందులో మీరు రాసిన చిక్కులను వచ్చే వార్షికోత్సవ సంచికలో మీ పేర్లతోనే చదవాలని కోరుకుంటున్నాం.

శుభాభినందనలతో,
కంప్యూటరు రంగంలోని పూర్వ విద్యార్థులు